ముందు ఎవరి పేరు?

సోమవారం ఆపరేషన్. శుక్రవారం పదకొండింటికి గొట్టం మూడోసారి జారింది.

గొట్టమంటే నీళ్ల గొట్టం కాదు. మెదడులో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బితే, ఆ బుడగలోకి రక్తం పోకుండా నాళంలో అమర్చే తీగల అల్లిక. వెంట్రుకకన్నా సన్నటి తీగలు, నలభై ఎనిమిది. అది జారితే బుడగకు అడ్డుండదు. బుడగ పగిలితే ప్రాణం దక్కదు. సోమవారం దాన్ని పెట్టించుకోబోతున్నది ఇద్దరు పిల్లలున్న ఒక టైలరమ్మ.

"ఇరవై పరీక్షల్లో మూడుసార్లు జారింది సార్," అంది డిజైనర్. ఆ అల్లికకు ఆరేళ్లు ధారపోసిన మనిషి. పక్కనే టెస్టింగ్ చూసే అమ్మాయి పరీక్షల కాగితం పట్టుకుని నిలబడింది.

కంపెనీ డైరెక్టర్ ఆ కాగితం వంక కూడా చూడలేదు.

"జారింది రబ్బరు నాళంలో కదమ్మా. మనిషిలో ఎందుకు జారుతుంది? అయినా డిజైన్ మాది. ఆపాలనుకుంటే మేం ఆపుతాం. నువ్వు బొమ్మలు గీసేదానివి."

టెస్టింగ్ అమ్మాయికి ఒళ్లు మండింది. డిజైనరక్క ఇప్పుడు కడిగేస్తుంది చూడు అనుకుంది. అక్క "సరే సార్" అని బయటికొచ్చేసింది.

మూడింటికి అదే అక్క ఒక ఫైలు పట్టుకుని మీటింగ్ గదిలోకి నడిచింది. అమ్మాయి వెనకే వెళ్లింది.

"సోమవారం ఆపరేషన్ సంగతి సార్. నాలుగింటిలోగా అనుమతుల ఆఫీసుకు పంపాలి. దీన్ని డిజైన్ చేసినవాళ్లంతా సంతకం పెట్టాలి."

అంతే, గది సంతయిపోయింది.

"ముందు నా పేరుండాలి," అన్నాడు డైరెక్టర్.

"ఐడియా నాది కదా బావా," అన్నాడు మార్కెటింగ్ వెలగబెడుతున్న బావమరిది. ఆయనగారి ఐడియా ఏమిటంటే, డబ్బా నీలం రంగులో ఉండాలని.

సోమవారం ఆపరేషన్ చేయబోయే సర్జన్‌గారు గొంతు సవరించుకున్నారు. "పెట్టే చెయ్యి నాది. ఈ చెయ్యి లేకపోతే మీ గొట్టం పెన్నులో రీఫిల్లుకి కూడా పనికిరాదు."

అరగంట గడిచింది. బావాబావమరుదులకు చెడింది. చివరికి అక్కే ఉపాయం చెప్పింది.

"పేర్లు గుండ్రంగా వేద్దాం సార్. ముందూ ఉండదు, వెనకా ఉండదు."

ముగ్గురూ మురిసిపోయారు. తీరా గుండ్రంలో పైన ఎవరుండాలన్న దగ్గర మళ్లీ పది నిమిషాలు పట్టింది.

"మొదటి పేజీ కూడా చదవాలామ్మా?" విసుగ్గా అడిగాడు డైరెక్టర్.

"చివరి పేజీలో మీ పేరూ హోదా సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి సార్."

ఎవరి పేరు వాళ్లు మూడేసిసార్లు చదువుకున్నారు. సర్జన్‌గారికి ఒక డిగ్రీ తగ్గినట్టు కనిపించింది. ప్రాణం విలవిల్లాడి, పెన్నుతో తనే రాసుకున్నారు. ముగ్గురూ సంతకాలు పెట్టేశారు.

"మరి నీ పేరో?" అన్నారు సర్జన్‌గారు, మొహమాటానికి.

"నేను బొమ్మలు గీసేదాన్ని కదండీ."

అందరూ హాయిగా నవ్వారు. అక్క కూడా నవ్వింది.

గది దాటగానే అమ్మాయి ఆగలేకపోయింది.

"సిగ్గులేదా అక్కా నీకు? ఆరేళ్ల కష్టం తేరగా వాళ్ల చేతుల్లో పోశావు. పేరంటే పోనీ. ఆ టైలరమ్మ ఏం పాపం చేసిందని?"

"తర్వాత తిడుదువుగాని. ముందు స్కాన్ చేసి పంపు, ఆఫీసు మూసేస్తారు."

అమ్మాయి విసురుగా కాగితాలు మిషన్‌లోకి తోసింది. మూడూ యాభై ఎనిమిదికి అందినట్టు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. కోపం ఎటు చూపించాలో తెలియక, ఆ గదిలో ఎవరూ చదవని మొదటి పేజీ తీసి చదివింది.

"దీన్ని రూపొందించిన మేము ముగ్గురం, ఇరవై పరీక్షల్లో మూడుసార్లు ఇది జారిపోయినందువల్ల, సోమవారం జరగవలసిన ఆపరేషన్‌ను తక్షణం ఆపించవలసిందిగా కోరుతున్నాము."