వెనక సీటు

...అయినా సరే, వెనక్కి తిరిగి చూడకూడదు. చూసిందంటే ఆయన గెలిచినట్టే.

తొమ్మిది సీట్ల విమానం మబ్బులో దబ్బున కిందికి జారింది. ఎవరిదో స్టీలు డబ్బా దొర్లుకుంటూ పోయింది. "హే భగవాన్, బచావో!" అని వెనక ఒకామె ఏడుపు అందుకుంది.

ఆయన గొంతు మాత్రం లేదు.

నాన్న సదానందం సరిగ్గా సుభాషిణి సీటు వెనకే ఉన్నాడు. ఎక్కేముందు మెట్ల దగ్గరే పందెం వేశాడు.

"గాల్లో నా పానం ఒక్కపారి జల్లుమన్నదా, గీ నౌకరి ఇడిచిపెట్టాలె. మంజూరేనా?"

"మంజూరే. జల్లుమనకుంటే?"

"మల్ల నోరెత్త బిడ్డా."

కెప్టెన్‌గా ఆమెకిది మొదటి వారం. ఈ మబ్బు ఇవాళే రావాలా?

"మేడమ్, తిరిగి వెళ్లిపోదామా?" కో పైలట్ భానుప్రకాశ్ సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు.

"ఎట్ల పోతం? వెనక ఇంకా నల్లగుంది. పది నిమిషాలల్ల సూరత్."

"ఈ కుదుపుల్లో పది నిమిషాలా!"

"కుదపనీ. గాడనే భేస్తాన్ బస్తీల మా రూం కిందనే నలభై మరమగ్గాలు. రాతిరి, పగలు నేల అదురుడే. గూట్ల గ్లాసులు నడుస్తుండె. గా అదురులనే పుస్తకం వట్టిన."

వేగం తగ్గించింది. ఎత్తు పోతే పోనీ, రెక్కలు సమంగా ఉంటే చాలు.

నాన్న సంగతి తెలియనిదా? పోగు తెగి మగ్గం చప్పుడు ఆగితే చాలు, తింటున్న ముద్ద వదిలేసి పరుగెత్తేవాడు. కూతురు పైలట్ అయిన రోజు మాత్రం తల కూడా తిప్పలేదు. ఇప్పుడు జల్లుమన్న ప్రాణాన్ని పళ్ల బిగువున అణచుకుంటూ, తన వీపునే చూస్తూ ఉంటాడు.

చూడనీ.

ఇంకో కుదుపు. రెక్క ఒరిగింది. పళ్లు కొరుకుతూ నిలబెట్టింది. ఓడిపోతే పందెం మాట తనే తప్పుతుంది, అంతే. ముఖం మీదే చెబుతుంది: వదలను నాన్నా.

మబ్బు చీలింది. కింద తాపీ నది, ఆవల రన్‌వే. చక్రాలు ఒకసారి ఎగిరిపడి నేలను పట్టుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన కొట్టినట్టు లేదు.

విమానం నిలిచింది. వదలను నాన్నా, అని లోపల మరోసారి అనుకుని సుభాషిణి ఇంజన్ ఆపగానే, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి, కళ్లు నులుముకుంటూ లేచాడు సదానందం: "పోగు తెగిందా బిడ్డా?"