మొదటి ముక్క

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, మొగుడి పని పోవడం.

అందుకే పిల్లను చంకనేసుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపు కాసింది.

వెల్డర్లకు పరీక్ష పెట్టే ముసలాయన బయటికొచ్చాడు. అతికిన ఇనప ముక్కను ప్రెస్సు కింద వంచుతాడు. పగిలిందా, ఆ వెల్డరు ఇక పైపు ముట్టుకోకూడదు. అందరూ ఆయన్ని విరుపుల తాత అంటారు.

నిన్న ఆమె మొగుడి ముక్క పగిలింది.

“ఏమయ్యా, నీ కడుపు చల్లబడిందా?”

“ఎవరమ్మా నువ్వు?”

“నిన్న పక్కన కూర్చోబెట్టావే, ఆయన పెళ్ళాన్ని!”

ముసలాయన ముఖం మారింది. “పిల్ల ఎండకు వాడిపోతోంది. ఇంటికెళ్ళమ్మా. మీ ఆయనకు నేను నేర్పిస్తాను.”

“నేర్పిస్తావా! పనిలో చేరేటప్పుడు నువ్వే కదా పాస్ చేశావు? ఇప్పుడు చేతకానివాడైపోయాడా?”

“మెల్లగా, తల్లీ.” ఆయన భయంగా వెనక్కి చూశాడు.

“ఎందుకు మెల్లగా? అందరూ విననీ! కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చుని మనవల ముక్కు తుడుచుకో!”

జనం నవ్వారు. ఆమె కేకలూ, ఆ నవ్వులూ విని మేనేజరు వచ్చాడు.

“అప్పుడు పాసైనవాడు ఇప్పుడెలా తప్పాడు?”

ముసలాయన పిల్లవైపు చూశాడు.

“అప్పుడు నేనే సరిగ్గా చూడలేదు సార్. అతన్ని ఆవిరి పైపులు అతకడానికి మాత్రం పంపకండి. గ్రైండింగు చేసుకుంటూ నేర్చుకుంటాడు.”

“చూడకుండా పాస్ చేశావా? రేపటి నుంచి రావద్దు.”

ముసలాయన తన టిఫిను డబ్బా తెచ్చుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం మొగుడు రాగానే ఆమె సంబరంగా చెప్పింది. “పీడ వదిలింది. గేటు దగ్గర కడిగి పారేశాను.”

అతను అన్నం ముందు నుంచి లేచాడు.

“ఎంత పని చేశావే! పనిలో చేరేటప్పుడు ఆ మొదటి ముక్క అతికింది నేను కాదు.”

“మరి?”

“మీ అన్న. అక్కడే వెల్డరు కదా, నా బదులు పరీక్షకు కూర్చున్నాడు. వెల్డింగు ముసుగేసుకుంటే మొహం ఎవరికి తెలుస్తుంది? నిన్న నా చేత అతికించి చూడగానే తాత కనిపెట్టేశాడు. పైవాళ్ళకు చెబితే మీ అన్న పనీ, నా పనీ పోయేవి. ‘నా నోట రాదు, నువ్వు మాత్రం నేర్చుకో’ అన్నాడు.”

తెల్లారి ఆమె వెళ్తే తాత గదికి తాళం.

ముక్కు మీద నిప్పురవ్వ కాల్చిన మచ్చ ఉన్న ముసలాయన ఎవరైనా మీ వీధిలో కొత్తగా దిగితే, ఒక్కసారి తలుపు తట్టి తిన్నాడో లేదో చూడండి. ఒకామె మొగుడి పని నిలబెట్టి, తన పని పోగొట్టుకున్నాయన ఆయనే.