మన పత్తి

2025 అక్టోబరు 14, ఎమ్మిగనూరు. రేపు కలెక్టరుకు ఇవ్వవలసిన అర్జీ నా దగ్గరే ఆగిపోయింది కనుక రాస్తున్నాను.

నా మనవరాలు వీణ పార్టీలో పనిచేస్తుంది. ఆదోని పత్తి రైతులు, ఇక్కడి నేతగాళ్లు కలిసి ఇచ్చే అర్జీ నాచేత రాయించింది: "విదేశీ పత్తిపై సుంకం వేసి మన పత్తిని కాపాడండి." రైతులు సంతకాలు చేశారు.

నేతగాడు నీలకంఠం కలం పట్టుకుని ఆగాడు. "పత్తి ధర పెరిగితే నూలు ధర పెరగదా తల్లీ? మా మగ్గం యాడ ఆడుతాది? 'మన' కొట్టేసి 'వాళ్ల' అని రాయించు, సంతకం పెడతా."

"ఏం సేద్దామవ్వా?" అంది వీణ. నలభై ఏళ్లు వ్యాకరణం చెప్పినదాన్ని, అర్జీ మడిచి నా దగ్గరే పెట్టుకున్నాను.

ఇక జరగవలసినవి:
1. విదేశీ పత్తిపై సుంకం పడాలి.
2. అయినా నూలు ధర పెరగకూడదు.
3. రేపు బస్సెక్కేలోగా వీణ 'మన'ను కొట్టేయాలి, లేదా నీలకంఠం సంతకం లేకుండా దాన్ని అబద్ధంగా ఉంచాలి. మూడో దారి నాకు తెలియదు.