బానెట్టు మీద రెండు వేళ్ళు

ముసలావిడ డిపోలోకి ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు.

పాత బస్సు ముందు నిలబడి, బానెట్టును రెండు వేళ్ళతో మెల్లగా తట్టింది.

“ఏం పెద్దమ్మా, తలుపనుకున్నావా? ఇంట్లో ఎవరూ లేరు, ఊరెళ్ళారు!” అన్నాడు డ్రైవరు బాబాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

“ఉన్నారేమోనని నాయనా,” అని ఆమె బానెట్టుకు చెవి ఆనించింది. “లోపల ఏదో కదిలింది. ఒకసారి మూత ఎత్తి చూడండి.”

ఆ మాట హెడ్ మెకానిక్ చెవిన పడింది. ఆ మెకానిక్‌ను డిపో అంతా మేస్త్రమ్మ అంటుంది.

“నేను బిగించిన ఇంజిన్లో కదలకూడనిదేదీ కదలదు పెద్దమ్మా.”

“నీ ఇంజిన్‌ని అనలేదు తల్లీ...”

“ఇవాళ వద్దమ్మా, నీకు పుణ్యముంటుంది. వాచ్‌మన్, ఈమెను గేటు దాకా దిగబెట్టి రా.”

ముసలావిడ మేస్త్రమ్మ ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, వాచ్‌మన్ వెంట నడిచింది.

మేస్త్రమ్మ చిరాకుకు కారణం ఉంది. పెద్దక్క అని అందరూ పిలిచే ఆ బస్సు, డిపోలో మిగిలిన ఆఖరి డీజిల్ బండి. మిగతా వరసంతా చప్పుడు చేయని కరెంటు బస్సులే. ఇవాళ పెద్దక్క తనంతట తాను కదిలితే ట్రైనింగ్ స్కూలుకు వెళుతుంది. కొత్తవాళ్ళు దాని మీద పని నేర్చుకుంటారు. మొరాయిస్తే తుక్కు కింద పోతుంది. డిపో మేనేజరు క్రేనును ముందే పిలిపించి గేటు పక్కన నిలబెట్టాడు.

“నా మీద నమ్మకం లేదా సార్?”

“నీ మీద ఉందమ్మా. దాని వయసు మీదే లేదు.”

“దానిదీ నాదీ ఒకటే వయసు సార్.”



ఒకప్పుడు పెద్దక్కను నడిపింది మేస్త్రమ్మ తండ్రి. చిన్నప్పుడు ఒక ఉదయం ఆయన ఆమెను ఎత్తుకుని, నడుస్తున్న ఇంజిన్ బానెట్టు మీద ఆమె చెయ్యి ఆనించాడు. అరచేతిలోంచి మోచేతి దాకా పాకిన ఆ వణుకు ఆమెను మళ్ళీ వదలలేదు. అందరూ ముక్కు మూసుకునే డీజిల్ వాసన ఆమెకు నాన్న చొక్కా వాసన.

“స్టార్ట్ చేసేముందు తట్టాలి తల్లీ. మా గురువుగారి మాట,” అనేవాడాయన. “వారు రెండు వేళ్ళతో సుతారంగా తట్టేవారు. నాకేమో పిడికిలి తప్ప చేతకాదు. ఎన్ని చీవాట్లు తిన్నానో!”

“ఎందుకు తట్టాలి నాన్నా?”

“బండిని నిద్ర లేపొద్దూ?”

ఆ గురువుగారిని ఆమె ఎన్నోసార్లు ఊహించుకుంది. ఖాకీ చొక్కా, దట్టమైన మీసాలు, మసి పట్టిన పెద్ద చేతులు. పెద్దయి ఇంజిన్ల చదువు చదివాక, గురువుగారి మీద భక్తి మిగిలింది గానీ ఆ తట్టడం మీద నమ్మకం పోయింది. ఇనుముకు నిద్రా లేదు, మెలకువా లేదు. డ్రైవర్లు మాత్రం ఎందుకో తెలియకుండానే తడుతూ వచ్చారు.

“బాబాయ్, ఇవాళ తట్టడాలు గిట్టడాలు లేవు. మేనేజరుగారి ముందు నవ్వులపాలవుతాం.”

“తట్టకపోతే నా చెయ్యి తాళం తిప్పదు అమ్మాయ్.”

“ఇనుముకు చెవులుంటాయా?”

“దానికుండవులే. నాకు చేతులున్నాయిగా, అవి ఊరుకోవు!” అంటూనే డ్రైవరు బాబాయి ఎక్కి కూర్చున్నాడు.

సైగ చేయడానికి మేస్త్రమ్మ బస్సు ముందు నిలబడి చెయ్యి ఎత్తింది.

ఆ క్షణాన నాన్న గుర్తొచ్చాడు. పెద్దక్క గేటు దాటే ఆఖరి ప్రయాణం ఇది, సీటులో ఆయన లేడు.

ఎత్తిన చెయ్యి పిడికిలై బానెట్టు మీద దిగింది. ధన్, ధన్.

లోపలి నుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

“ఆగు బాబాయ్!”

మూత ఎత్తింది. నిన్న సాయంత్రం మేస్త్రమ్మ నడిపి చూసిన ఇంజిన్ వెచ్చదనాన్ని వెతుక్కుంటూ వచ్చి, ఫ్యాను పక్క సందులో ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. అవింకా కళ్ళయినా తెరవలేదు.

“తాళం తిప్పి ఉంటే...” అన్నాడు డ్రైవరు బాబాయి. 

మేస్త్రమ్మ ఒక్కొక్క పిల్లనూ తీసి, గుడ్డపీలికల పెట్టెలో పడుకోబెట్టింది. తల్లి పిల్లి గుర్రుమంటూ వెంట వెళ్ళింది.

“ఇన్ని కొత్త బస్సులుండగా దీన్లోకే దూరాలా?” అన్నాడు మేనేజరు.

“వేడిని ఇంతసేపు నిలుపుకునే ఇంజిన్ ఇంకెక్కడుంది సార్?” అంది మేస్త్రమ్మ, గర్వం దాచుకోకుండా.

అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది. తట్టినప్పుడల్లా పిల్లులు కిందినుంచి జారుకునేవి గనుక ఇంజిన్లో పిల్లిని ఎవరూ చూడలేదు. చూడలేదు గనుక, ఎందుకు తడుతున్నారో మరిచిపోయారు. కారణం పోయి అలవాటు మిగిలితే, దానికి తాను మూఢనమ్మకమని పేరు పెట్టింది.

“కొట్టు బాబాయ్ సెల్ఫ్!”

పెద్దక్క ఒక్క పట్టున అందుకుంది. రేకుల కప్పు అదిరింది. క్రేను డ్రైవరు సైతం దిగి చప్పట్లు కొట్టాడు. మేస్త్రమ్మ బానెట్టు మీద అరచెయ్యి ఆనించింది. వణుకు మోచేతి దాకా పాకింది.

ఆమె ఎక్కగానే బస్సు కదిలింది. గేటు దగ్గర తల బయటికి పెట్టి వాచ్‌మన్‌ను అడిగింది.

“ఆ పెద్దమ్మ ఏది? దణ్ణం పెట్టుకోవాలి.”

“ఇంజిన్ అందుకునేదాకా ఇక్కడే నిలబడి చూసిందమ్మా. ఇప్పుడే ఏదో బస్సెక్కి వెళ్ళిపోయింది. ఒకప్పుడు ఈ డిపోలోనే బస్సులు కడిగేదట, ఇక్కడి పిల్లులకు పాలు పోసేదట.”

“నాతో ఏమైనా చెప్పమందా?”

“చెప్పమనలేదుగానీ, మీరు తడుతుంటే చూసి తనలో తనే నవ్వుకుంటూ అందమ్మా: ‘రెండు వేళ్ళు చాలురా అని ఎంత తిట్టినా వాళ్ళ నాన్న పిడికిలితోనే బాదేవాడు, ఈ పిల్లా అంతే!’”