అద్దాల పెట్టెలో మూడు తూటాలు

“స్టీలు పుల్లల పేరెత్తావంటే చంపేస్తాను,” అన్నాడు ఓరిన్. “మొక్కజొన్న బెండ్ల పొడి చాలు.”

“బెండ్ల పొడిలో రేపటిదాకా తిప్పినా ఆ నలుపు వదలదు,” అన్నాడు పక్కింటి లైల్. “పోనీ అక్రోటు పెంకుల పొడి వెయ్యి. కాస్త గరుగ్గా ఉంటుంది.”

“ఆ గరుకే వద్దంటున్నాను. అవి మావాడివిరా.”

గరాజ్‌లో బల్లమీద మూడు ఇత్తడి తూటా గుల్లలు నల్లబడి ఉన్నాయి. ఓరిన్ కొడుకు వేడ్‌ని పూడ్చిన రోజు గాలిలోకి పేల్చిన తూటాలవి. సైనికుడు పోతే, మడిచిన జెండాతో పాటు అలాంటివి మూడు ఇంటివాళ్ళ చేతిలో పెడతారు. రేపు ఊరి హాల్లో అమరవీరుల సభ. జెండా ఉన్న అద్దాల పెట్టెని నలుగురూ చూసేలా అక్కడ పెడతారు. నల్లటి గుల్లలతో పెడితే వేడ్‌కి అవమానమని ఓరిన్ బాధ. భార్య వెర్నా సభకి ఆపిల్ పైలు కాల్చడానికి చర్చికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా పని కానిచ్చెయ్యాలి.

గుల్లలు తోమే లైల్ సొంత డ్రమ్ము ఓ మూల గిరగిరా తిరుగుతోంది. అందులో నీళ్ళు, సబ్బు, నిమ్మఉప్పు, గుప్పెళ్ళకొద్దీ స్టీలు పుల్లలు. అంత్యక్రియల్లో తుపాకులు పేల్చే జట్టులో ఇద్దరూ ఉన్నారు కాబట్టి, జట్టు గుల్లలు బకెట్లకొద్దీ వాళ్ళే తోముతారు; ఇప్పుడు డ్రమ్ములో ఉన్నవీ అవే.

బెండ్ల పొడి సంచీని ఎలుకలు కొట్టేశాయి. ఓరిన్ తిట్టుకుంటూ దాణా కొట్టుకి పోయి కొత్త సంచీ తెచ్చాడు. వచ్చి చూస్తే బల్ల ఖాళీగా ఉంది.

“ఏవిరా?”

లైల్ డ్రమ్ము వైపు గర్వంగా చెయ్యి చూపించాడు. చెయ్యొద్దన్న పని చెయ్యడంలో లైల్‌ని మించినవాడు ఆ ఊళ్ళో లేడు.

“జట్టువాటితో కలిపేశావా?”

“కలిస్తే ఏం? బాగా నల్లగా ఉన్నవి మీవే కదా, ఏరుకోవచ్చులే అనుకున్నాను.”

“కడిగాక నలుపెక్కడుంటుందిరా!”

మూత తీశారు. గుల్లలన్నీ ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టున్నాయి. సైన్యం ఇచ్చేవన్నీ ఒకే రకం. పేలినప్పుడు మూతులు విచ్చుకున్న తీరూ ఒకటే. ఓరిన్ ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టి చూశాడు.

“ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఇమ్మని కోడలు తమారా ఏడ్చింది,” అన్నాడు. “రెండో పెళ్ళి చేసుకున్నదానికి మావాడి గుర్తులెందుకని గుమ్మంలోంచే పంపేశాను. తమారాకి కూడా ఇవ్వకుండా దాచింది నీ డ్రమ్ములో పొయ్యడానికా!”

లైల్ తల దించుకున్నాడు. “ఏవో మూడు పెట్టెయ్. ఎవరు కనిపెడతారు?”

“కన్నతల్లి కనిపెట్టదా?”

బయట కారు ఆగిన చప్పుడైంది. ఓరిన్ చేతికందిన మూడింటిని గబగబా తుడిచి, అద్దాల పెట్టెలో జెండా ముందు పెట్టాడు.

వెర్నా మోచేతులదాకా పిండితో లోపలికొచ్చింది. తిన్నగా పెట్టె దగ్గరికే నడిచింది. ఒక గుల్ల తీసి, తిప్పి చూసింది.

“అబ్బ! బంగారంలా చేశావే. దేంతో తోమావు?”

“స్టీలు పుల్లలతో,” అన్నాడు లైల్, నోరు ఆగక.

వెర్నా ఆ గుల్లని ఏప్రన్‌తో ఒకసారి తుడిచి, పెట్టెలో పెట్టి, అద్దం మూసింది. “పదండి, అన్నాలు తిందురుగాని,” అంటూ వంటింటి వైపు నడిచింది.

గండం గడిచినట్టే. లైల్ ఓరిన్‌కి కన్ను కొట్టాడు. కానీ ఓరిన్ పెట్టె మీంచి చూపు తిప్పలేదు. రేపు నలుగురి ముందు ఆమె ఆ పెట్టెని గుండెకి హత్తుకుంటుంది, ఎవరి గుల్లల్నో కొడుకువే అనుకుని.

“వెర్నా, ఆగు. అవి వేడ్‌వి కావు.”

వెర్నా గుమ్మంలోనే నిలబడిపోయింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. అరుస్తుందో, కూలబడిపోతుందో తెలియక ఓరిన్ కుర్చీ లాగాడు. ఆమె కుర్చీని చూడను కూడా లేదు. వెనక్కి వచ్చి, లైల్‌కి వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది.

“నేను మార్చేశానని నీకెవరు చెప్పారు? తమారానా? ఎవరితోనూ అననని ఒట్టేసి మరీ పట్టుకెళ్ళింది ఆ మూడూ!”