రెండు వేళ్ల మీద విమానం

"మీ చేతికి నా పెద్ద ఇంజనే సరైన జోడీ, మామయ్యగారూ," అంది కోడలు మళ్లీ.

రిమోటుతో నడిపే బొమ్మ విమానాల చేత పల్టీలు కొట్టించే పోటీలో ఇద్దరూ ఉన్నారు. ఆయన చిన్న ఇంజను తేలిక. దాని మీదే ఆమె కన్ను. పైగా పెద్దది తగిలిస్తే ఆయన విమానానికి ముక్కు బరువెక్కి, పల్టీ మధ్యలోనే నేలచూపులు చూస్తుందని ఆమె లెక్క.

"నా చిన్నదాన్ని వదులుకోలేనమ్మా," అంటూ ఆయన నసిగారు, గొణిగారు, చివరికి కోడలి మాట కాదనలేక అన్నట్టు ఇంజన్లు మార్చుకున్నారు.

పోటీ రోజు మైదానంలో ఆమె నవ్వాపుకుంటూ, ఆయన విమానం రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తింది. ముక్కు వాలలేదు. తక్కెడలో తూచినట్టు సమంగా నిలిచింది.

అనుమానమొచ్చి పొట్ట కింద మూత తీసింది. ముందుండాల్సిన బ్యాటరీ తోక దగ్గర, దాని కొలతకే చేసిన చెక్క గూట్లో దర్జాగా కూర్చుని ఉంది. గూటి అంచులకు దుమ్ము కూడా పట్టింది.

"ఈ గూడు ఎప్పుడు కట్టారు?"

"నువ్వా పెద్ద ఇంజను కొన్న రోజే," అన్నారు మామగారు, రిమోటు మెడలో వేసుకుంటూ. "మార్చుకుందామని అడగడానికి ఇన్నాళ్లు పట్టిందేం తల్లీ?"