ఆలస్యంగా వచ్చే బొమ్మ

“ఇది ఎవరు తగిలించారు?” లాప్‌టాప్ వెనక వేలాడుతున్న నల్ల కేబుల్‌ను రెండు వేళ్లతో పైకెత్తి అడిగాడు టెక్నీషియన్.

యజమాని కిటికీ వైపు చూశాడు. విచారణకు వచ్చిన అధికారి పెన్ను మూత తీశాడు. క్రేన్ ఆపరేటర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చెల్లెలు ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. చనిపోయిన మేస్త్రీ ఆమె భర్త.

“మా బావే,” అన్నాడు ఆపరేటర్ చివరికి.

అది ఇనుప రేకుల గోదాము. ఆపరేటర్ ఈ పైగదిలో కూర్చుని క్రేన్ నడుపుతాడు. క్రేన్‌కు బిగించిన కెమెరా కింద జరిగేదంతా లాప్‌టాప్‌కు పంపుతుంది. లాప్‌టాప్ తెర చాలడం లేదని, కదిలేది కదిలినట్టే కనపడాలని యజమాని పెద్ద మానిటర్ కొన్నాడు. సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు చూపే రకం. దాంతో వచ్చిన కేబుల్ పొట్టిది, బల్ల దాకా అందలేదు. మేస్త్రీ ఆఫీసు టీవీ వెనక నుంచి పాత పొడుగు కేబుల్ పీక్కొచ్చి, మధ్యలో ఓ చౌక కన్వర్టర్ పెట్టి లాప్‌టాప్‌కు తగిలించాడు. బొమ్మ వచ్చింది. బొమ్మ వస్తే పని అయిపోయినట్టే ఆయన లెక్కలో. సెట్టింగ్స్ తెరిచి చూడాలని ఎవరికీ తట్టలేదు.

టెక్నీషియన్ తెరిచాడు. సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పే రిఫ్రెష్ రేటు దగ్గర ముప్ఫై అని ఉంది. నొక్కినా ఇంకో అంకె రాలేదు.

“రేసు గుర్రాన్ని కొని ముందరికాళ్లకు బంధం వేశారు,” అన్నాడు.

అది కూడా పెద్ద తప్పు కాదన్నాడు. ఆ కన్వర్టర్ వల్ల బొమ్మ ఆలస్యంగా వస్తోందట. అధికారికి అర్థం కాలేదు. టెక్నీషియన్ కిటికీ తెరిచి, కింద ఉన్న హమాలీని కడ్డీతో రేకు మీద కొట్టమని కేక వేశాడు. ఠంగుమని చప్పుడు వచ్చింది. తెర మీద హమాలీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. చప్పుడు పోయాక దిగింది. అధికారి మళ్లీ కొట్టించి చూశాడు. మళ్లీ అంతే.

టెక్నీషియన్ ఆ కేబుల్ పీకేసి, తన సంచిలోని కేబుల్‌ను లాప్‌టాప్ పక్కనున్న సన్నటి రంధ్రంలో పెట్టాడు. తెర నల్లబడి వెలిగింది. నూట నలభై నాలుగును ఎంచుకున్నాడు. ఈసారి చెయ్యీ చప్పుడూ కలిసే దిగాయి. ఊగుతున్న కొక్కెం నూనెలో జారినట్టు కదిలింది. యజమాని మెచ్చుకోబోయి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి నోరు మూసుకున్నాడు.

ఆ రోజు జరిగింది అధికారి మళ్లీ చెప్పించుకున్నాడు. తప్పు ఆపరేటర్‌దని తేలితే జైలే. ఆపరేటర్ తడబడకుండా చెప్పాడు. రేకుల కట్ట మనిషెత్తుకు దిగగానే వదిలేయాలి. నెమ్మదిగా దించుతూ కూర్చుంటే పొద్దు గడవదని బావ పెట్టిన పద్ధతి. వదిలినప్పుడు తెర మీద బావ, కట్ట దిగే చోటు చుట్టూ గీసిన పసుపు గీతకు అవతలే ఉన్నాడు. కట్ట కింద పెట్టే దుంగలు సర్దడానికి గీత లోపలికి రావడం కనపడేసరికి కట్ట పడిపోయింది.

బొమ్మ ఆలస్యంగా వస్తోందని ముందే ఎందుకు చెప్పలేదని అధికారి అడిగాడు. చెప్పాడట. టీ వేళ అందరి ముందూ, ఒకసారి కాదు. హమాలీలు కూడా అదే సాక్ష్యం ఇచ్చారు. మేస్త్రీ ఏమన్నాడో వాళ్లందరికీ కంఠతా వచ్చు.

“ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నిదానం తెరది కాదురా బావమరిదీ, నీ కళ్లది.”

ఆ తర్వాత హమాలీలకు కూడా ఆపరేటర్ పేరు ‘నిదానం’ అయిపోయింది. కట్ట పడిన రోజు నుంచి ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

అధికారి చెల్లెలి వైపు తిరిగాడు. ఆమెకు ఎడమ చెవి వినపడదని, పెళ్లయిన ఏడాది ఇంట్లో జారిపడిందని ఆపరేటర్ చెప్పాడు. అధికారి కుర్చీ కుడివైపుకు జరుపుకుని, బావాబావమరుదుల మధ్య గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఒకే కంచంలో తిన్నారని ఆమె చెప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

“ఆయన ఎవరి మాటా వినే మనిషి కాదు సార్. తన చేత్తో తనే తగిలించుకున్నారు. అన్నయ్యను ఏమీ అనకండి. నాకు మిగిలింది అతనొక్కడే.”

అధికారి ఇక అడగలేదు. ప్రమాదమనీ, పోయినవాడి అజాగ్రత్తే కారణమనీ రాసుకున్నాడు. యజమాని బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. ఆపరేటర్ భుజం తట్టి, రేపటినుంచి పనిలోకి రమ్మన్నాడు. కొత్త మనిషి దొరికేదాకా మేస్త్రీ పని కూడా చూసుకోమన్నాడు. ఆ మంచి కేబుల్ ఇక్కడే ఉంచి పొమ్మని టెక్నీషియన్‌కు చెప్పాడు. ముగ్గురూ మెట్లు దిగి వెళ్లారు.

చెల్లెలు లేవలేదు. ఆపరేటర్ తలుపు దగ్గరకు వేసి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుంది.

“చివర్లో ఎలా జరిగిందో చెప్పు అన్నయ్యా. ఏదీ దాచకు.”

“నువ్వు చెప్పినట్టే, బావ తలెత్తి చూసేదాకా ఆగి వదిలాను.”